అర పేజీ చదువు: కాలేయ మార్పిడి తరువాత మందులు, మచ్చలు, హెపటైటిస్ సి



ప్లస్ టూ, డిగ్రీ చదివే పిల్లలకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమని ట్రస్టు పెద్దలు అడిగారు. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. వైద్యుణ్ణి కాను. అయినా ఈ విషయమే ఎందుకు ఎన్నుకున్నానంటే, మా అన్నయ్యకు 2009లో కాలేయ మార్పిడి జరిగింది. నాలుగేళ్ళపాటు ఆయన మందుల లెక్క నోటుపుస్తకంలో రాసింది నేను. ఆ లెక్కలో జరిగిన పెద్ద తప్పు కూడా నాదే. అదేమిటో పాఠం మధ్యలో చెబుతాను. ముందు పాఠం తెలిస్తేనే ఆ తప్పు అర్థమవుతుంది.

మన మంసాపురం, రాజపాళయం ఇళ్ళలో తెలుగు మాట్లాడినా, బడిలో తమిళంలో చదివిన పిల్లలే ఎక్కువ. కనుక ఒక మాట. మీరు పుస్తకంలో 'కల్లీరల్' అని చదివినదే ఇక్కడ 'కాలేయం'.

1. కాలేయం, దానిలో కట్టే మచ్చ

కాలేయం కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవాళ్ళలో సుమారు ఒకటిన్నర కిలోల బరువు. తిన్న ఆహారాన్ని శరీరానికి పనికివచ్చేలా మార్చడం, పైత్యరసం తయారుచేయడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు తయారుచేయడం, మందులను, విషాలను విరిచివేయడం దీని పనులు. కొంత భాగం కోసి తీసినా మళ్ళీ పెరిగే శక్తి దీనికి ఉంది.

అయితే దెబ్బ ఒక్కసారి తగలడం వేరు, ఏళ్ళ తరబడి తగులుతూ ఉండడం వేరు. కాలేయంలో స్టెల్లేట్ కణాలనే చిన్న కణాలు ఉంటాయి. మామూలు రోజుల్లో ఇవి విటమిన్ ఎ దాచుకుని కూర్చుంటాయి. చుట్టూ కణాలు చనిపోతూ వాపు వస్తే ఇవి రూపం మార్చుకుని, కొల్లాజెన్ అనే పీచు పదార్థాన్ని తయారుచేస్తాయి. మోకాలికి దెబ్బ తగిలి మానినచోట గట్టి మచ్చ మిగలడం చూసే ఉంటారు. కాలేయం లోపల జరిగేదీ అలాంటిదే. దీన్ని ఫైబ్రోసిస్ అంటారు.

వైద్యులు ఈ మచ్చను 0 నుండి 4 వరకు అంకెలతో కొలుస్తారు. 0 అంటే మచ్చ లేదు. 4 అంటే సిర్రోసిస్, అంటే కాలేయం గడ్డలు కట్టి గట్టిపడిపోయిన స్థితి. కొలవడానికి సూదితో చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ ఒక పద్ధతి. నొప్పి లేకుండా బయటినుండే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ ఇంకొకటి.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, 1, 2, ఒక్కోసారి 3 వరకు వచ్చినా మనిషికి ఏమీ తెలియదు. ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, పనికి పోతారు. కాలేయం నోరు విప్పి చెప్పే అవయవం కాదు.

2. హెపటైటిస్ సి

మా అన్నయ్య ఛత్రపట్టిలో కట్టుగుడ్డ నేసే మగ్గాల షెడ్డులో మేస్త్రీగా ఉండేవారు. 1987లో ఒక ప్రమాదంలో తొడ ఎముక విరిగి, చాలా రక్తం పోయింది. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఆ రక్తమే ఆయన ప్రాణం కాపాడింది. అందులోనే ఈ వైరస్ కూడా వచ్చి ఉంటుందని తరువాత వైద్యులు అన్నారు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టలేము. అప్పటికి ఆ వైరస్‌కు పేరే లేదు. రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో కొందరికి కామెర్లు వస్తున్నాయని, అది హెపటైటిస్ ఎ కాదు, బి కాదు అని మాత్రం అమెరికాలో హార్వీ ఆల్టర్ అనే శాస్త్రవేత్త 1970లలో చూపించారు. 1989లో మైకేల్ హౌటన్ బృందం ఆ వైరస్‌ను గుర్తించి, దానికి హెపటైటిస్ సి అని పేరు పెట్టారు. ఈ వైరస్ ఒక్కటే రోగానికి కారణమని చార్లెస్ రైస్ నిరూపించారు. ముగ్గురికీ కలిపి 2020లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో దానం చేసిన రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి అయినది 2001లో.

ఈ వైరస్ సోకినవాళ్ళలో ఎక్కువమందికి అది శరీరంలోనే ఉండిపోతుంది. సిర్రోసిస్ రావడానికి సాధారణంగా 20, 30 ఏళ్ళు పడుతుంది. అన్నయ్యకు 2007లో కడుపులో నీరు చేరేదాకా మాకెవరికీ తెలియదు. మద్యం ముట్టని మనిషికి కాలేయం చెడిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. కొందరు వేరేగా అనుకున్నారు కూడా.

3. కొత్త కాలేయం, పాత వైరస్

కాలేయ మార్పిడిని మనిషికి మొదటిసారి 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జ్ల్ చేశారు. ఆ రోగి బతకలేదు. 1967లో ఆయనకు మొదటి విజయం దక్కింది. మన దేశంలో విజయవంతమైన మొదటి కాలేయ మార్పిడి 1998లో ఢిల్లీలో, మన తమిళనాడులోని కాంచీపురానికి చెందిన పసివాడికి జరిగింది. తండ్రి తన కాలేయంలో కొంత భాగం ఇచ్చాడు. 2008 తరువాత తమిళనాడులో, మెదడు మరణించినవారి అవయవాలను వరుస ప్రకారం పంచే ఏర్పాటు బాగా సాగింది. మా అన్నయ్యకు వచ్చిన కాలేయం అలా వచ్చినదే. ఎవరిదో మాకు తెలియదు. ఇచ్చిన కుటుంబానికి ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాము.

కాలేయం మార్చినా రక్తంలో వైరస్ అలాగే ఉంటుంది. కొత్త కాలేయంలోకి రక్తం పారిన కొన్ని గంటల్లోనే అది అందులోకి చేరడం మొదలుపెడుతుంది. మార్పిడి నాటికి రక్తంలో వైరస్ ఉన్న ప్రతివారిలోనూ దాదాపు ఇలాగే జరుగుతుంది. పైగా, మొదటి కాలేయం చెడడానికి 20 ఏళ్ళు పట్టినా రెండవదానికి అంత వ్యవధి ఉండదు. కొత్త వైరస్ మందులు రాకముందు, ఇలాంటివారిలో 100కు 20 నుండి 30 మందికి 5 ఏళ్ళలోనే మళ్ళీ సిర్రోసిస్ వచ్చేది.

ఎందుకంత తొందర? జవాబులో పెద్ద భాగం మందులలో ఉంది.

4. రోగనిరోధక శక్తిని అణచే మందులు

మన రక్తంలో టి కణాలు కాపలా కాస్తుంటాయి. ఇతరుల అవయవం కనిపించగానే అవి దాన్ని శత్రువుగా లెక్కకట్టి దాడి చేస్తాయి. దీన్ని తిరస్కరణ అంటారు. దీన్ని ఆపడానికి వాడే మందులను విద్యార్థులు నాలుగు రకాలుగా గుర్తుపెట్టుకోవచ్చు.

మొదటి రకం సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్. సైక్లోస్పోరిన్ నార్వే దేశపు మట్టిలో దొరికిన బూజునుండి వచ్చింది. కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ 1978లో దీన్ని రోగులకు వాడారు. టాక్రోలిమస్ 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో ఉన్న సూక్ష్మజీవినుండి దొరికింది. టి కణం లోపల కాల్సినూరిన్ అనే ఎంజైము ఉంటుంది. అది పనిచేస్తేనే టి కణం 'ఇంకా సైన్యం కావాలి' అని ఇంటర్‌ల్యూకిన్-2 అనే కబురు పంపగలదు. ఈ రెండు మందులూ ఆ ఎంజైమును ఆపుతాయి.

రెండవ రకం స్టిరాయిడ్లు. ఇవి రోగనిరోధక వ్యవస్థ మొత్తాన్ని ఒకేసారి అణుస్తాయి.

మూడవ రకం అజథయోప్రిన్, మైకోఫినోలేట్. టి కణాలు సంఖ్య పెంచుకోవాలంటే కొత్త డి.ఎన్.ఏ. తయారుచేయాలి. ఆ పనిని ఇవి అడ్డుకుంటాయి. అజథయోప్రిన్ అసలు సరుకులాగే కనిపించే నకిలీ సరుకును కణానికి అందిస్తుంది. బ్యాంకులో మంచి నోట్ల కట్టలో దొంగనోటు దూరితే లెక్క అంతా ఆగిపోయినట్టు, కణవిభజన ఆగిపోతుంది. ఈ మందును తయారుచేసిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచ్చింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. మన తెలుగువారు గర్వించవలసిన సంగతి, ఇదే దారిలో ఫోలిక్ ఆసిడ్‌ను పోలిన మెథోట్రెక్సేట్ మందు, భీమవరంలో 1895లో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనలనుండి వచ్చింది. దాన్ని కీళ్ళవాపుకు నేటికీ వాడుతున్నారు. చాలాకాలం వాడితే అదే కాలేయంలో మచ్చలు కట్టించవచ్చు కనుక రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు.

నాలుగవ రకం సిరోలిమస్, ఎవరోలిమస్. సిరోలిమస్ రాపానుయి అనే ఈస్టర్ ద్వీపపు మట్టినుండి వచ్చింది. దాన్ని వెలికితీసిన బృందానికి నాయకుడు భారతదేశంలో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. టి కణాలు కొత్త కాలేయాన్ని శత్రువు అనుకునేవే. కాని వైరస్‌ను అదుపులో పెట్టేవి కూడా అవే. కాపలావాణ్ణి నిద్రపుచ్చితే ఇంటివాళ్ళమీద పడడం మానేస్తాడు. దొంగనూ చూడడు. వైరస్ పెరిగితే వాపు, వాపు ఉంటే మచ్చ. ఇదే ఈ పాఠంలోని ముఖ్యమైన విషయం.

5. నా తప్పు

2010లో మార్పిడి జరిగి ఏడాది నిండినప్పుడు బయాప్సీ చేస్తే అన్నయ్యకు మచ్చ 1 అని వచ్చింది. వైద్యులు కంగారు పడలేదు. ఆ రోజుల్లోనే నేను ఒక పత్రికలో అర పేజీ వ్యాసం చదివాను. మార్పిడి తరువాత వాడే మందులు హెపటైటిస్ సి వైరస్‌ను పెంచుతాయని, మచ్చలు తొందరగా కడతాయని అందులో ఉంది. అది నిజమే. పైన నేనూ అదే రాశాను.

ఆ రాత్రి అన్నయ్యతో అన్నాను: "అన్నా, ఈ మాత్రలే వైరస్‌కు మేత వేస్తున్నాయంట. సాయంకాలం మాత్ర మానేస్తే ఏం?" వదిన అడ్డుపడింది: "డాక్టరుగారిని ఒక మాట అడిగితే పోతుంది కదా." అన్నయ్య నవ్వి, "వాడు చదివినవాడు, వాడికి తెలియదా" అన్నారు. ఆ మరునాటినుండి సాయంకాలపు టాక్రోలిమస్ మానేశారు. నా నోటుపుస్తకంలో ఆ గడిలో నేనే అడ్డగీత గీశాను.

మూడు వారాలకు కళ్ళు పచ్చబడ్డాయి. మదురైలో రక్తపరీక్ష చేస్తే కాలేయ ఎంజైములు బాగా పెరిగి ఉన్నాయి. ఆ రాత్రే పొదిగై ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై బయలుదేరాము. బయాప్సీలో తిరస్కరణ అని తేలింది. దాన్ని ఆపడానికి వరుసగా మూడు రోజులు పెద్ద మోతాదులో స్టిరాయిడ్ నరానికి ఎక్కించారు. తిరస్కరణ ఆగింది.

కాని హెపటైటిస్ సి ఉన్నవారిలో అన్నిటికంటె హాని చేసేది సరిగ్గా ఇదే. రోజూ వాడే చిన్న మోతాదులకంటె, తిరస్కరణకు ఒక్కసారిగా ఎక్కించే ఈ పెద్ద మోతాదు తరువాత వైరస్ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుందని, మచ్చ వేగంగా ముదురుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే వైరస్ తగ్గాలని ఒక మాత్ర మానిపించి, వైరస్‌ను అన్నిటికంటె ఎక్కువ పెంచే మందు ఎక్కించే పరిస్థితి నేనే తెచ్చిపెట్టాను.

వైద్యుడికి నేనే నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మీరు చదివింది తప్పు కాదు, సగం" అన్నారు. మందు తగ్గించవలసిన మాట నిజమేనని, అయితే రక్తంలో మట్టం చూసుకుంటూ, నెలల మీద, కొంచెం కొంచెంగా తామే తగ్గిస్తామని చెప్పారు.

2012లో మచ్చ 3 అని వచ్చింది. ఇంటర్‌ఫెరాన్ సూదులు, రిబావిరిన్ మాత్రలు మొదలుపెట్టారు. జ్వరం, నీరసం, రక్తకణాలు పడిపోవడం వల్ల మూడో నెలలో ఆపవలసి వచ్చింది. 2013 ఆగస్టులో అన్నయ్య పోయారు. నేను ఆ మాట అనకపోయినా వైరస్ తిరిగి వచ్చేదే, ఎంత తొందరగా అన్నది ఎవరూ చెప్పలేరని వైద్యుడు అన్నారు. వదిన ఈనాటివరకు ఒక్క మాట అనలేదు.

6. ఏ మందు మేలు?

ఈ ప్రశ్న మీద శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళు పనిచేశారు. సైక్లోస్పోరిన్ గాజుపాత్రలో వైరస్ పెరుగుదలను ఆపుతుందని 2003లో జపాన్‌లో కనుగొన్నారు. ఎంతో ఆశ పుట్టింది. కాని రోగులలో పోల్చి చూస్తే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌ల మధ్య మచ్చ విషయంలో స్పష్టమైన తేడా కనిపించలేదు. గాజుపాత్రలో నిజమైనది మనిషిలో నిజం కావాలని లేదు. విజ్ఞానశాస్త్రం చదివే పిల్లలు ఈ మాట మరువకూడదు.

సిరోలిమస్ స్టెల్లేట్ కణాల పెరుగుదలను కూడా అణుస్తుంది కనుక మచ్చ నెమ్మదిస్తుందని కొన్ని పరిశీలనలు చెప్పాయి. అయితే మార్పిడి జరిగిన తొలి రోజుల్లో వాడితే కాలేయ ధమనిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, గాయం మానకపోవడం ఉన్నాయి. స్టిరాయిడ్లను హఠాత్తుగా ఆపడంకంటె నెమ్మదిగా తగ్గించడం మేలని తేలింది. మొత్తం మీద తేలినది, మందు పేరుకంటె మోతాదు, క్రమం ముఖ్యమని. అందుకే టాక్రోలిమస్ వాడేవారికి ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం తీసి మట్టం చూస్తారు.

7. వైరస్‌నే తీసివేస్తే?

అన్నయ్య పోయిన నాలుగు నెలలకు, 2013 డిసెంబరులో, అమెరికాలో సొఫోస్‌బువిర్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఇది వైరస్ తన నకలు తీసుకునే ఎంజైమును నేరుగా ఆపుతుంది. అక్కడ మాత్ర ఒక్కటి 1,000 డాలర్లు. 12 వారాలకు 84 మాత్రలు, అంటే 84,000 డాలర్లు.

2014 సెప్టెంబరులో ఆ కంపెనీ, ఈ మందు చౌకగా తయారుచేసి అమ్మడానికి కొన్ని భారతీయ కంపెనీలకు అనుమతి ఇచ్చింది. వాటిలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. హైదరాబాదుదే అయిన నాట్కో ఆ మందు పేటెంటును మన దేశంలో వ్యతిరేకించి, 2015 మార్చిలో తానూ అనుమతి తీసుకుంది. మన మార్కెట్లో 28 మాత్రల సీసా సుమారు 20 వేల రూపాయలకు వచ్చింది. మూడు సీసాలు 60 వేలు. తరువాత ధర ఇంకా తగ్గింది. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు.

సొఫోస్‌బువిర్‌తో డక్లాటస్‌విర్, వెల్పటస్‌విర్ వంటి మరో మందు కలిపి ఇస్తే, కాలేయ మార్పిడి జరిగినవారిలో కూడా 10 మందిలో 9 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. ఇవి టాక్రోలిమస్‌తో పెద్దగా గొడవ పడవు. 2011లో వచ్చిన టెలాప్రెవిర్ అలా కాదు. అది రక్తంలో టాక్రోలిమస్‌ను సుమారు 70 రెట్లు పెంచేది. వైరస్ పోయాక చాలామందిలో మచ్చ కూడా కొంత కరుగుతుంది. అయితే కాలేయం కోలుకున్నకొద్దీ టాక్రోలిమస్‌ను తొందరగా విరిచివేస్తుంది, రక్తంలో మట్టం పడిపోతుంది. కనుక వైరస్ పోయినా పరీక్షలు మానకూడదు, మాత్రలు మానకూడదు.

8. తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి

1) 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవారు, ఎన్నో ఏళ్ళుగా డయాలిసిస్‌లో ఉన్నవారు, ఒకే సూది పలువురికి వేసిన రోజుల్లో సూదులు వేయించుకున్నవారు ఒక్కసారి హెపటైటిస్ సి పరీక్ష చేయించుకోండి. ఏ బాధా లేకపోయినా చేయించుకోండి. సిర్రోసిస్ రాకముందే వైరస్‌ను తీసివేస్తే మార్పిడి అవసరమే రాకపోవచ్చు.

2) ఈ వైరస్‌కు టీకా లేదు. హెపటైటిస్ బి టీకా వేసుకున్నా ఇది రాదని అనుకోవద్దు.

3) కలిసి తిన్నా, చేయి పట్టుకున్నా ఇది అంటదు. రోగిని వేరు కంచంలో తినమని బాధపెట్టవద్దు. బ్లేడు, పళ్ళ కుంచె మాత్రం వేరుగా ఉండాలి.

4) ఏ అవయవం మార్చినవారైనా మాత్ర మానడం, తగ్గించడం, వేళ మార్చడం సొంతంగా చేయకూడదు. మరచిపోతే ఆస్పత్రికి ఫోను చేసి అడగాలి.

5) క్షయకు వాడే రిఫాంపిసిన్ టాక్రోలిమస్‌ను బాగా తగ్గిస్తుంది. ఎరిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ పెంచుతాయి. పంపరపనస జాతి పండ్లు కూడా పెంచుతాయి. నాటుమందు, నొప్పిమాత్ర, ఏదైనా సరే చెప్పకుండా వేసుకోకూడదు.

9. విద్యార్థులు జవాబు రాసి చూసుకోవలసిన ప్రశ్నలు

అ) స్టెల్లేట్ కణాలు మామూలుగా చేసే పని ఏమిటి? వాపు వచ్చినప్పుడు చేసే పని ఏమిటి?

ఆ) టాక్రోలిమస్, అజథయోప్రిన్ రెండూ టి కణాలను ఆపుతాయి. ఏ దశలో ఏది ఆపుతుంది?

ఇ) 'ఈ మందులు వైరస్‌ను పెంచుతాయి కనుక మానేయాలి.' ఈ వాక్యంలో నిజమెంత, పొరపాటు ఎక్కడ?

మూడవ ప్రశ్నకు జవాబు 2010లో నాకు తెలియదు. ట్రస్టు ఉపకార వేతనంతో నర్సింగు, ఫార్మసీ, జీవశాస్త్రం చదువుతున్న పిల్లలు మనలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. రేపు మీ ఇంట్లో, మీ వీధిలో పెద్దవాళ్ళు చీటీ చేతిలో పెట్టి, 'నువ్వు చదివినదానివి, చెప్పమ్మా' అని అడుగుతారు. వాళ్ళు మీ మాట నమ్ముతారు. తెలిసినంతవరకు చెప్పండి. తెలియనిచోట 'డాక్టరును అడిగి చెబుతాను' అనండి. అలా అనడం చదువుకు తక్కువ కాదు.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ పాఠం గురించి ఏ పిల్లలైనా మాట్లాడాలనుకుంటే ఆదివారం ఉదయం ట్రస్టు కార్యాలయానికి రండి, చూపిస్తాను.